ఒక్క కొత్తిమీర కట్ట

బంగార్రాజును అతని భార్య బతికినన్నాళ్ళూ నమ్మలేదు. ఇందులో వాదనకు తావులేదు. భిలాయి రైల్ మిల్లులో క్రేన్ మీద కూర్చుంటే, ఎర్రగా కాగిన పట్టాను వెంట్రుకవాసి తేడా రాకుండా దించేవాడు అతను. అలాంటి మనిషికి అప్పలనర్సమ్మ రెండు సరుకులు ఒకేసారి చెప్పిన పాపాన పోలేదు. కొత్తిమీర కట్ట తెమ్మనేది. తెచ్చాక ఉప్పు తెమ్మనేది. అదీ తెచ్చాక అగ్గిపెట్టె. క్యాంప్ 1 సందులో ఆడవాళ్ళు గుమ్మాల్లో కూర్చుని, "బంగార్రాజు మళ్ళీ డ్యూటీ ఎక్కీసేడర్రా" అని నవ్వేవారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ నవ్వును అతను క్షమించలేదు. ఆవిణ్ణీ క్షమించలేదు.

అందుకే ఆ ఆదివారం పొద్దున్న కోడలి గొంతు వినగానే అతని చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"ముందు పళ్ళు తోముకో పండూ. అదొక్కటే. అయ్యాక నా దగ్గరికి రా."

పండు వచ్చాడు. తొమ్మిదేళ్ళవాడు. మూతి చుట్టూ పేస్టు నురగ.

"అయిందా? శభాష్. ఇప్పుడు పక్క దుప్పటి మడత పెట్టు."

"ఏటే పెంపకం ఇది?" బంగార్రాజు గ్లాసు ఠప్పున పెట్టాడు. "జైల్లో ఖైదీకి సెప్పినట్టు ఒక్కోటీ ఒక్కోటీను. గుంటడికి బుర్ర లేదనుకున్నావా?"

"బుర్ర ఉంది మావయ్యా. ఇలా చెప్తే చేస్తాడు, లేకపోతే మధ్యలో ఆగిపోతాడు," అంది రజని. "డాక్టరమ్మ కూడా ఇలాగే చెప్పమంది."

డాక్టరమ్మ అన్న మాట ఆ ఇంట్లో నాలుగు రోజులుగా నలుగుతోంది. పండు క్లాసులో కుదురుగా కూర్చోడు. సగం లెక్క చేసి కిటికీ దగ్గరికి పోతాడు. టిఫిన్ డబ్బా, స్వెటరు, చివరికి చెప్పులు కూడా ఎక్కడెక్కడో వదిలేసి వస్తాడు. టీచరు చెప్పగా రజని వాణ్ణి నెహ్రూ నగర్‌లో పిల్లల మానసిక వైద్యురాలికి చూపించింది. ఆవిడ రెండుసార్లు పరీక్షించి, ఇది అల్లరి కాదు, ధ్యాస నిలవని జబ్బు, నేర్పించి దారిలో పెట్టొచ్చు, అవసరమైతే మందూ ఉంది అంది. రేపు ఇంట్లో పెద్దవాళ్ళను కూడా తీసుకురమ్మంది.

"నా మనవడు పిచ్చోడు కాదు. ఎవరూ ఎక్కడికీ ఎల్లక్కర్లేదు."

"పిచ్చని ఎవరన్నారు మావయ్యా? తాతల పొడుగు మనవలకొచ్చినట్టే, ఇది కూడా ఎక్కువగా వంశంలోంచి వస్తుందట. ఎవరి తప్పూ కాదంది."

"వంశమా? అయితే మీ వంశమే. మీ అన్న లక్ష్మీప్రసాదు ఏ ఉద్యోగంలో కుదిరీసేడు?"

"మా అన్నయ్యది బద్ధకం. దానికింకా మందు కనిపెట్టలేదు," అంది రజని. నవ్వలేదు. "ఏమండీ, మీరు మాట్లాడరేం?"

అనిల్‌కుమార్ పేపర్లోంచి తల ఎత్తాడు. "నాన్న ఒప్పుకుంటే వెళ్దాం."

రజని కళ్ళు నిండాయి. "మావయ్యా, మీరు ఒప్పుకోకపోతే వాడు బళ్ళో బెంచీ మీద ఏడుస్తూనే పెరుగుతాడు. మొన్న ఏమన్నాడో తెలుసా? అమ్మా, నేను ఖరాబ్ పిల్లాణ్ణా, అని అడిగాడు."

బంగార్రాజు లేచాడు. ఆ ఒక్కోటీ ఒక్కోటీ చెప్పించుకునే అవమానం ఎంత చేదో అతనికి తెలిసినట్టు ఎవరికి తెలుసు? తను పడ్డది చాలు, మనవడు పడకూడదు.

"పండూ, ఇటు రా. సాహు కొట్టుకెల్లి పసుపు, సింతపండు, సబ్బు, అగరొత్తులు తే. నాలుగూను. వీడు నాలుగూ తెస్తే రజనీ, ఆ డాక్టరు మాట ఈ ఇంట్లో మళ్ళీ ఎత్తకూడదు."

"తేకపోతే?"

"తెస్తాడు."

పండు మొహం వెలిగిపోయింది. వాణ్ణి అంత నమ్మినవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు. "పసుపు, చింతపండు, సబ్బు, అగరొత్తులు," అని పాటలా అనుకుంటూ పరుగెత్తాడు. బంగార్రాజు కొంచెం దూరంలో వెనకే నడిచాడు. వాడు గెలుస్తుంటే కళ్ళారా చూడాలని.

మలుపు దగ్గర ఒకతను ఇనప గేటుకి వెల్డింగ్ చేస్తున్నాడు. నిప్పురవ్వలు పువ్వుల్లా ఎగిరి నేలమీద దొర్లుతున్నాయి. పండు కొంతసేపు నిలబడి చూసి, గబగబా కొట్టువైపు పోయాడు. బంగార్రాజు అక్కడికి వచ్చాడు. అతుకు సరిగా పడటం లేదు. చెయ్యి కాస్త వాలిస్తే పడుతుంది. ఇప్పుడు వాల్చాడు. ఆ, అదీ. ఇనుము కరిగి ఇనుములో కలుస్తుంటే అతనికి మిల్లు గుర్తొచ్చింది, ఆ వేడి, ఆ ఎరుపు, ఆ చప్పుడులో తన బుర్ర ఎంత నిమ్మళంగా ఉండేదో గుర్తొచ్చింది. ఇంకేదీ గుర్తు లేదు.

ఎవరో చొక్కా లాగారు.

"తాతా." పండు చేతిలో పసుపు పొట్లం ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "మిగతావి భూల్ గయా. సాహు భయ్యా నవ్వాడు. ఏమేం తేవాలి తాతా?"

బంగార్రాజు చెప్పబోయాడు. నోరు తెరిచాడు. పసుపు... పసుపు తర్వాత ఏటి? తను చెప్పినవే. తన నోటితో చెప్పినవే. ఎంత వెతికినా దొరకలేదు.

నుదుట చెమట పట్టింది. ఈ చెమట అతనికి కొత్త కాదు. ఊళ్ళో బళ్ళో మేష్టారు అడిగినప్పుడు ఇదే చెమట. సగం పలక రాసి బయటికి చూశాడని ఆయన గుంజకు కట్టేస్తే, పిల్లలంతా చుట్టూ చేరి నవ్వినప్పుడూ ఇదే చెమట.

"నీకూ యాద్ లేదా తాతా?" పండు ఆశ్చర్యపోయాడు. తర్వాత, సాటివాడికి ఉపాయం చెప్పినట్టు, మెల్లగా అన్నాడు. "అమ్మ ఒక్కటే చెప్తుంది. ఒక్కటైతే నేను గెలుస్తాను."

ఆ మాటకి బంగార్రాజుకి కొత్తిమీర కట్ట గుర్తొచ్చింది.

కొత్తిమీర తెచ్చిన ప్రతిసారీ గుమ్మంలో ఎదురొచ్చి, రెండు చేతులా అందుకుని, "తెచ్చీసేవా? ఎంత తాజాగుందో," అనేది నర్సమ్మ. ఎగతాళి అనుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి నాలుగు సరుకులు చెప్పింది. ఖాళీ సంచీతో తిరిగొచ్చి, తలుపు వెనక నిలబడి ఏడ్చాడు. ఆవిడ చూసిందని అతనికి ఇప్పుడే తట్టింది. ఆ తర్వాత ఎప్పుడూ రెండు చెప్పలేదు. సందంతా నవ్వినా చెప్పలేదు. అతణ్ణి ఒక్కరోజు కూడా ఓడిపోనివ్వలేదు.

తాతా మనవడూ పసుపు పొట్లంతో ఇంటికొచ్చారు. అనిల్‌కుమార్ ఏదో అనబోతే రజని కళ్ళతోనే ఆపేసింది. పొట్లం రెండు చేతులా అందుకుంది.

"తెచ్చేశావా నాన్నా? మంచి రంగు."

ఆ మాట విని బంగార్రాజు గోడవైపు తిరిగాడు. అటు తిరిగే అన్నాడు.

"రేపు నానూ వస్తాను."

మర్నాడు డాక్టరమ్మ హిందీలో అడిగింది, కుటుంబంలో ఇంకెవరికైనా చిన్నప్పుడు ఇలా ఉండేదా అని. అనిల్‌కుమార్ రజని వైపు చూశాడు. రజని నేల చూపులు చూసింది.

"ముఝే," అన్నాడు బంగార్రాజు. గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "బచ్‌పన్ సే. సిన్నప్పట్నుంచి ఇప్పటిదాకా."

డాక్టరమ్మ నవ్వలేదు. పండు మాత్రం తాత చెయ్యి దొరకబుచ్చుకుని నవ్వాడు, బళ్ళో తన బెంచీ మీదకి ఒక నేస్తం వచ్చి కూర్చున్నట్టు.

"మీ కోడలు చెప్పింది, మీరు మిల్లులో అంత పెద్ద పని చేశారట కదా," అంది ఆవిడ. "వీడూ చేస్తాడు. దారి చూపిస్తే చాలు." మందు చీటీ రాసి రజని చేతికిచ్చింది.

ఆ సాయంత్రం రజని వంటింట్లోంచి పిలిచింది. "మావయ్యా, కొత్తిమీర కట్ట తెస్తారా? అదొక్కటే."

అన్నాక నాలిక కరుచుకుంది. బంగార్రాజు సంచీ అందుకున్నాడు. పండును వెంటబెట్టుకుని వెళ్ళాడు. అందరూ చూస్తుండగానే సందు మధ్యలోంచి నడిచాడు. తెచ్చిన కట్టలోంచి ఒక్క రెమ్మ తుంచి నర్సమ్మ ఫోటో ముందు పెట్టి, అక్కడే నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

"మావయ్యా, ఏమయింది?" రజని దగ్గరకొచ్చింది. "అత్తయ్య గుర్తొచ్చారా?"

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"గుంటడికి ఏళకి మందెయ్యడం మరిసిపోకు," అన్నాడు. "ఇంక నర్సమ్మకీ నాకూ మధ్యనున్న సంగతంటావా, అది తేలిపోయింది. మరి నన్నెప్పుడూ అడక్కు. నాను సెప్పను."