ఇసుక మీద కునుకు

పడవ దిగిన దగ్గర్నుంచీ ఆయనకు కడుపులో తిప్పుతూనే ఉంది. సముద్రం పడని మనిషికి దీవుల్లో అరుదైన మొక్కలు లెక్కపెట్టే ఉద్యోగం ఎవరిచ్చారో గానీ, వాళ్ళకో దండం పెట్టాలి. కాసేపు నడుం వాలుస్తానన్నాడు.

"వాల్చండి. మొక్కల మీద మాత్రం కాదు మహానుభావా," అంది భార్య. ఆమెదీ అదే ఉద్యోగం.

"ఆమాత్రం తెలుసులేవే," అంటూ ఆయన టోపీ మొహం మీదికి లాక్కుని, ఖాళీ ఇసుక మీద వెల్లకిలా పడుకున్నాడు.

జానెడు ఎత్తున్న ఆ తెల్లపూల మొక్క ఈ దీవిలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆమె వంగి వంగి, ఒక్కో మొక్క పక్కన ఒక్కో చిన్న ఎర్రజెండా గుచ్చుకుంటూ పోయింది. ఇసుకలోంచి ఆరని తడిబట్టల వాసన వస్తోంది. పక్షుల అరుపులు ఎప్పుడు ఆగిపోయాయో ఆమె గమనించలేదు. పని ముగించి, పైనుంచి ఫొటో తీద్దామని బండ ఎక్కింది.

కింద చెల్లాచెదురుగా కనబడ్డ జెండాలు పైనుంచి మనిషిలా ఉన్నాయి.

తల. విరబోసుకున్న జుట్టు. ముడుచుకున్న మోకాళ్ళు. పక్కకు ఒత్తిగిలి పడుకున్న ఆడమనిషి... ఒక చెయ్యి ఆయన భుజం దాకా చాచి ఉంది.

ఎండదెబ్బ తగిలినట్టుంది నాకు, అనుకుని ఫొటో తీసింది. కెమెరా దించి మళ్ళీ చూసింది.

ఇప్పుడు ఆయన అవతలి పక్కన కూడా జెండాలున్నాయి. అక్కడ ఆమె ఒక్కటీ గుచ్చలేదు. ఆ చెయ్యి ఆయన్ను చుట్టేసింది...

ఆయన లేని ఇల్లు కళ్ళముందు కదిలింది. పడుతూ లేస్తూ కిందికి పరుగెత్తింది. చొక్కా పట్టుకుని లేపి, చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా పడవలోకి తోసి, తెడ్లు తనే అందుకుంది. దీవి దూరమయ్యాక గానీ ఊపిరి తీసుకోలేదు. దక్కాడు, అనుకుంది. ఏడుపొచ్చింది.

ఆయన మాత్రం విసుక్కున్నాడు.

"ఏం కొంప మునిగిందని? ఇంతసేపూ పక్కనే పడుకుని కబుర్లు చెప్పావు. ఉన్నట్టుండి ఈ హడావిడేంటి?"

తెడ్లు ఆగిపోయాయి.

"నేను... ఏం చెప్పాను?" గుసగుసగా అడిగింది.

"అప్పుడే మర్చిపోయావా?" ఆయన దీవి వైపే చూస్తూ నవ్వాడు. "రేపు ఒక్కడినే రమ్మన్నావు. వస్తానని నీ చేతిలో చెయ్యేసి మాటిచ్చానుగా."