వెనకాలే వస్తాను

లంకెలపాలెం దాటేసరికి ఐదో బండి వచ్చి మధ్యలో దూరింది. దూరిందనకూడదు, చాలా మర్యాదగా వచ్చి చేరింది. లోవరాజు బండి కూడా అంతే మర్యాదగా వేగం తగ్గించి, దానికి నూటయాభై అడుగులు వెనక్కి తగ్గింది. అతని భార్య నూకరత్నాన్ని ఎక్కించుకుని ముందు ఆసుపత్రికి పోతున్న ప్రాణరథం వెనక అద్దం ఇప్పుడు అగ్గిపెట్టెంత కనబడుతోంది.

"ఓర్నాయనో, మళ్ళీ ఎనక్కేనా! పోనీవే, కొంచెం మీదకి పోనీ!" అంటూ లోవరాజు ఎదురుగా ఉన్న పలకని అరచేత్తో చరిచాడు. అంతకుమించి చెయ్యడానికేమీ లేదు. తిప్పడానికి స్టీరింగు గానీ, తొక్కడానికి పెడలు గానీ లేని బండి అది.

"క్షమించండి. ముందు వాహనానికి తగినంత ఎడం పాటించాలి," అంది బండిలోని ఎడంకాపు.

బండికీ బండికీ మధ్య ఎడం కాచే ఈ యంత్రం వచ్చి ఇరవై రెండేళ్ళయింది. అంతకుముందు రోడ్ల మీద జరిగిన భాగోతం చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. ముందు బండి వీపుకి అంటుకుపోయి, లైట్లు కొట్టి, హారన్ మోగించి, అవతలివాడు జడిసి తప్పుకునేదాకా తరిమేవారు. లోవరాజే లారీ నడిపిన రోజుల్లో ఆ విద్యలో ఆరితేరినవాడు. పక్కన కూర్చున్న నూకరత్నం లేని బ్రేకుని కాలితో తొక్కుతూ, "ముందోడి మీదకెళ్ళిపోకు మావా, ఆడికీ పెళ్ళాం పిల్లలుంటారు," అని ప్రాణం తోడేసేది. ప్రతి బండికీ ఎడంకాపు ఉండాలని చట్టం వచ్చిననాడు ఆవిడ వీధంతా బెల్లం పంచింది. నిజం చెప్పొద్దూ, మంచి యంత్రమే. అనకాపల్లి నుంచి విశాఖ దాకా ఏడాది పొడుగునా ఒక్క బండి మరో బండిని గుద్దింది లేదు.

ఈ ఉదయం నూకరత్నానికి గుండె పట్టేసింది. ప్రాణరథం వాకిట్లోకి వచ్చింది. అందులో యంత్రాలూ ఒక నర్సూ పోను ఇంకొకరికి చోటుండదు, ఫోను మాటలూ లోపలికి పోవు. అందుకే అయినవాళ్ళ కోసం తోడుముడి అని ఒక ఏర్పాటు పెట్టారు. ముడి పడితే మన బండి ప్రాణరథానికి పదడుగుల్లోనే తోకలా పోతుంది, మధ్యలోకి మరో బండి రాదు.

నూకరత్నం అతని చొక్కా పట్టుకుని, "బయమేస్తంది మావా. అద్దంలోంచి నువ్వు అగుపడతా ఉండాల," అంది.

ముడి వెయ్యడానికి, తోడు ఎవరైనా వస్తున్నారా అని ప్రాణరథం అడిగింది. లోవరాజు చెప్పులు వేసుకుంటూ, "మీరు పదండి, నేను ఎనకాలే వస్తాను," అన్నాడు. అతనే కాదు, ఆ ఊళ్ళో ఎవరైనా ఆ మాటే అంటారు.

కూర్మన్నపాలెం దగ్గర ఇంకో మూడు బండ్లు చేరాయి. ప్రాణరథానికి దారిచ్చి పక్కకి ఒదిగినవన్నీ అది దాటగానే తిరిగి వరసలోకి వస్తున్నాయి మరి.

"అందులో ఉన్నది మా ఇంటిది! తోడుముడి ఎందుకు పడలేదే?"

"ఉదయం పది ఇరవైకి మీరు వెనకాల వస్తానన్నారు. వెనకాల అంటే తర్వాత. తర్వాత వస్తారని నమోదైంది."

"ఎనకాలే అంటే ఎనకాలేనే! ఎంటనే! ఆ బండి ఎనక!"

"ఆ సంగతి వెనక చూద్దాం, అప్పు వెనకాల తీరుస్తాను వంటి వాడుకల ప్రకారం..."

"నీ వాడుక తగలెయ్య! ఇప్పుడు వెయ్యి ముడి."

"ముడి పడాలంటే రెండు వాహనాలూ ఆగి ఉండాలి. ప్రాణరథాన్ని ఆపమంటారా?"

లోవరాజు ఆపమని ఏ నోటితో అంటాడు? "వద్దు. దాన్ని బేగి పోనీ," అన్నాడు. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు. గాజువాక దగ్గర అద్దం కనబడడం మానేసింది. అతని బండి మాత్రం తన ముందున్న ఎవరిదో పెళ్ళిబట్టల బండికి లెక్కప్రకారం ఎడమిస్తూ నింపాదిగా సాగింది.

ఆసుపత్రికి పద్నాలుగు నిమిషాలు ఆలస్యంగా చేరాడు. నర్సు గుమ్మంలోనే నిలబడి ఉంది. చిన్నపిల్ల. అతన్ని చూడగానే తల దించుకుంది.

"దారిలోనే పోయారండి."

లోవరాజు ఒక్క మాటే అడిగాడు. "బయపడ్డాదా?"

"లేదండి. అద్దంలోంచి చూస్తూనే ఉన్నారు. మా మావ వత్తన్నాడు, అదుగో అని వెనక బండిని చూపించారు. చెయ్యి కూడా ఊపారు."

"నేను కాదు తల్లీ అది."

"తెలుసండి," అంది నర్సు. "అది మనిషి లేని కూరగాయల బండండి. కళ్ళజోడు లేదుగదా, ఆవిడకి తెలీలేదు. నేనూ చెప్పలేకపోయాను."

లోవరాజు ఆ పిల్ల చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు.

"మంచి పని చేశావమ్మా," అన్నాడు.