కూతురు పక్కన పెట్టిన పెట్టె

ఉదయం ఏడింటికి రంగుల వ్యాపారి అలవాటుకొద్దీ వంటింటి కిటికీ చెక్కను గోరుతో గీకాడు. రెండేళ్ల కిందట వేసిన రంగు పెచ్చుగా ఊడివచ్చింది. ఎంత ఖరీదైన పూతైనా ఎప్పుడో ఒకప్పుడు ఊడక తప్పదన్నది ముప్పై ఏళ్లుగా డబ్బాలమ్మి అతను తేల్చుకున్న లెక్క.

బల్లమీద ఆస్పత్రివాళ్లిచ్చిన అంగీకార పత్రం ఉంది. భార్య సంతకం చేసేసింది, అతనిదే మిగిలింది. డయాలసిస్ కోసం ఆమె మెడ దగ్గర పెట్టిన ట్యూబు రక్తం గడ్డకట్టి రెండుసార్లు మూసుకుపోయింది. ఈసారి గడ్డకట్టనివ్వని పూత ఉన్నది పెడతామన్నారు. కూతురి ఉద్యోగం ఆ ట్యూబులు తయారయ్యే చోటే. అయినా సరుకు వారం ఆలస్యమైంది. ఆ వారమంతా తొడలో గుచ్చిన తాత్కాలిక ట్యూబుతో భార్య కాలు ముడవలేక మంచానికి అతుక్కుపోయింది. అతను రోజూ ఆ కంపెనీని తిట్టిపోశాడు. కూతురు నోరు విప్పలేదు.

ఇవాళ ఆమెనే నిలదీశాడు.

"గోడమీది పెచ్చు ఊడితే కిందపడుతుందమ్మా. మీ అమ్మ ఒంట్లో ఊడితే ఎక్కడికెళ్తుంది?"

అది రంగులా పైపైన పూసేది కాదని, ట్యూబుతోనే కలిసిపోతుందని, నీటిని పట్టి ఉంచి రక్తాన్ని అంటుకోనివ్వదని కూతురు ఓపిగ్గా చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"అమ్మేవాడెవడూ తన సరుకు ఊడుతుందనడు."

"నేనన్నాను నాన్నా. అందుకే వారం ఆలస్యమైంది."

కిందటి వారం ఆస్పత్రికి వెళ్లాల్సిన పెట్టెలోంచి ఒక ట్యూబు తీసి ఆమె రక్తంలో ఉంచి పరీక్షించింది. కొన దగ్గర పూత సరిగా పట్టక, ఆవగింజంత రక్తపు గడ్డ అతుక్కుంది. మిగతావి బాగానే ఉంటాయి పంపేద్దామన్నాడు పై అధికారి. ఆమె పెట్టె మొత్తం పక్కన పెట్టించింది.

"అది మీ అమ్మకోసమని తెలిసేనా?"

"తెలుసు. రోజూ అమ్మ కాలు పడుతూనే ఉన్నాగా."

గడువు దాటిన డబ్బా వెనక్కి పంపడానికే తాను మూడుసార్లు ఆలోచించేవాడు.

"మరి ఇప్పుడొచ్చిన పెట్టె?"

"నేనే చూశాను. అసలు గడ్డే కట్టదని మాటివ్వలేను. చాలా తగ్గుతుంది, అంతే."

తన సరుకు గురించి ఇంత తగ్గించి చెప్పే మనిషిని అతను బజారులో ఎన్నడూ చూడలేదు. కలం అడిగి సంతకం చేశాడు.

కొత్త ట్యూబు పెట్టిన మూడోరోజు డయాలసిస్ మిషన్ నాలుగు గంటలూ, ట్యూబు మూసుకుపోయిందని ఒక్కసారి కూడా కూయకుండా నడిచింది. భార్య కాళ్లు హాయిగా ముడుచుకుని అతనివైపు చూసింది.

"ఏమండీ, ఇదివరకు అది కూస్తే నర్సు పరుగెత్తుకొచ్చేది. ఇవాళ పలకరించే నాథుడే లేడు."

అతను నవ్వబోతే కళ్లు నిండిపోయాయి. పక్క కుర్చీలో కూతురు కూర్చున్నచోటే నిద్రపోయింది. తల వాలిపోతుంటే అతను జరిగి భుజం అందించాడు. డయాలసిస్ ముగిసి, ఇంటికి వెళ్లొచ్చని నర్సు వచ్చి చెప్పినా కదల్లేదు.

"ఇంకాసేపు ఉంటామమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.