కుడివైపు అద్దం

శవం బోర్లా ఉంది.

తోట మెట్ల కింద, మోకాలి లోతు నీళ్ళలో. టైము మధ్యాహ్నం మూడుంబావు. అక్కడ కెరటమన్నది లేవదు. పసిపిల్లలకు ఈత నేర్పే చోటది.

"ఇక్కడ మునగాలంటే ఎవరో మెడ పట్టుకుని ముంచాలి మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "మొగుడే. ఏ కేసు చూసినా చివరికి మొగుడే."

"ఈ మాట మీ ఆవిడ వినాలి," అంది గొడుగు ఇన్‌స్పెక్టర్.

ఆవిడ అసలు పేరు దీవిలో సగం మందికి తెలీదు. ఎండైనా వానైనా చంకలో నల్ల గొడుగు. పిల్లలు వెనక నుంచి నవ్వుతారు. నవ్వుకోనీ, వాన చెప్పి వస్తుందా అంటుంది ఆవిడ. మాట మెత్తన. చూపు మాత్రం సూది.

పోయినావిడ టూరిస్టు. నిన్నటి పడవలో భర్తతో దిగింది. భర్త గడియారాలు బాగుచేసే మనిషి. పెళ్ళయిన నాటి నుంచి కొట్టుకు తాళం వేసి ఎరగడు. మొదటిసారి వేసి, పెళ్ళానికి సముద్రం చూపిద్దామని తీసుకొచ్చాడు.

డాక్టరమ్మ టార్చి వేసి శవం నోట్లోకి చూసింది.

"ఇసుక ఉంది. గొంతు లోపలి దాకా. ఊపిరి ఆడుతుండగా పీల్చుకున్నదే. మునిగింది ఇక్కడే."

"ఎప్పుడు?"

"పన్నెండు దాటాక. రెండు లోపు."

"మరి ఈ చేతులు?"

డాక్టరమ్మ చేతులు విప్పి చూసింది. రెండు అరచేతులూ చీరుకుపోయి ఉన్నాయి. మూడు గోళ్ళు విరిగిపోయాయి.

"పెనుగులాటలో నేల గీసుకుని ఉంటుంది."

ఇన్‌స్పెక్టర్ వంగి నీళ్ళలో చెయ్యి పెట్టింది. గుప్పెడు ఇసుక పైకి తీసింది. జల్లించిన పిండిలా ఉంది.

"దీన్ని గీసుకుంటే గోళ్ళు విరుగుతాయా డాక్టరమ్మా?"

డాక్టరమ్మ మళ్ళీ ఆ గోళ్ళకేసి చూసింది.

భర్తను స్టేషన్‌కు తెచ్చారు. బల్ల మీద చేతులు పెట్టి కూర్చున్నాడు. సన్నటి వేళ్ళు. కనబడని గడియారానికి కీ ఇస్తున్నట్టు కదులుతున్నాయి.

"ఇవాళ మీ ఆవిడతో కారు టూరుకు మీరెందుకు వెళ్ళలేదు?"

"పడవలో వాంతులయ్యాయమ్మా. పొద్దున తల ఎత్తలేకపోయాను."

"గొడవ పడ్డారట?"

"పడ్డాం."

"ఎందుకు?"

"డబ్బు కట్టేశాం, కాస్త ఓపిక చేసుకుని రమ్మంది. నాకు విసుగొచ్చింది."

"ఏమన్నారు?"



"పో, ఒక్కదానివే పో, మళ్ళీ నీ మొహం చూపించకు అన్నాను."

వాళ్ళు దిగిన హోటలామె తలుపు దగ్గర్నుంచి అందుకుంది. "గోడ ఇవతలికి వినబడింది మేడం. అబద్ధమాడితే నా కళ్ళు పోతాయి. పాపం, ఆవిడ ఏడుస్తూనే కారెక్కింది."

"పన్నెండు తర్వాత ఎక్కడున్నారు?"

"గదిలో పడుకున్నాను."

"చూసినవాళ్ళు?"

"నిద్రపోయేవాణ్ణి ఎవరు చూస్తారమ్మా?"

హెడ్డు ఆయన్ను లాకప్‌లో పెట్టి తాళం వేశాడు. "పోట్లాట ఉంది. సాక్షి ఉంది. ఆ టైములో ఎక్కడున్నాడో రుజువు లేదు. రేపటి పడవకు బేడీలు వేసి పంపితే మన పని అయిపోతుంది. అవతల కోర్టువాళ్ళు చూసుకుంటారు."

నిజమే. ఆ మనిషి తరఫున చెప్పడానికి పోయినావిడ చీరుకుపోయిన రెండు అరచేతులు తప్ప ఇంకేమీ లేవు.

నాలుగున్నరకు ఆవిణ్ణి టూరు తిప్పిన డ్రైవరు వచ్చాడు. పిలవకుండానే వచ్చాడు. కారు స్టేషన్ ముందు ఆపి, తల దువ్వుకుని మరీ లోపలికి వచ్చాడు.

అందరూ చిన్నోడంటారు. ఇన్‌స్పెక్టర్ తమ్ముడి కొడుకు. తల్లీ తండ్రీ ఒకే వారంలో జ్వరంతో పోతే, ఆరేళ్ళవాణ్ణి ఆవిడ చంకనేసుకుని తెచ్చుకుంది. తను పెళ్ళి ఊసెత్తలేదు. వాడే కొడుకు, వాడే ఇల్లు. కారు కూడా ఆవిడ కొనిచ్చిందే.

"స్టేట్‌మెంట్ నేను రాసుకుంటాను మేడం," అన్నాడు హెడ్డు. "మీ వాడు కదా, రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా ఉంటుంది."

"రాయండి."

చిన్నోడు గడగడా చెప్పాడు. ఎనిమిదింటికి ఆవిణ్ణి ఎక్కించుకున్నాడు. హాఫ్ డే ప్రైవేట్ టూరు. దీవి చుట్టూ ఉన్న రోడ్డు మీద పూర్తి రౌండు వేశారు. ముందు గాలి ఒడ్డు. ఆ తర్వాత రాళ్ళ మధ్య సముద్రపు నీళ్ళు నిలిచే అద్దాల మడుగులు, జలపాతం, లైట్‌హౌసు. పన్నెండున్నరకు ఆవిడ తోట మెట్ల దగ్గర దిగిపోయింది. మొగుడి మీద కోపం తగ్గాక నడిచి వెళ్తానంది.

"మడుగుల దగ్గర ఎంతసేపు ఆగారు?" అంది ఇన్‌స్పెక్టర్.

"ఆగలేదు అత్తా. కారులోంచే చూసింది."

"రాళ్ళ మీదికి దిగలేదా?"

"లేదు."

హెడ్డు కాగితం మీంచి తలెత్తి నవ్వాడు. "ఎక్కడా ఎండబెట్టలేదు కదరా?"

అది డ్రైవర్ల మాట. సీజన్లో అందరూ చేసేదే. ఒక పార్టీని ఏ మడుగుల దగ్గరో దింపి, హాయిగా చూస్తూ ఉండండి, అరగంటలో వస్తా అంటారు. ఈలోగా రేవుకు పరిగెత్తి ఇంకో పార్టీని ఎక్కించుకుంటారు. ఒక పూటలో రెండు టూర్లు. దాన్నే ఎండబెట్టడం అంటారు. దీవిలో అదొక జోకు. ఇన్‌స్పెక్టర్ కూడా ఎన్నోసార్లు నవ్వింది.

చిన్నోడూ నవ్వాడు. కాస్త ఆలస్యంగా నవ్వాడు.

"ఛ, లేదు బాబాయ్."

ఇన్‌స్పెక్టర్ లేచి బయటికి నడిచింది.

ఆకాశం మినప్పొట్టు రంగుకు తిరిగింది. గాలి ఆగిపోయింది. కారు గేటు పక్కన ఉంది. పోయినావిడ సంచీ ఏమైనా సీటు కింద మిగిలిందేమో చూద్దామని వెళ్ళింది, అంతే. అంతకు మించి ఆ క్షణాన మనసులో ఏమీ లేదు. ఉన్నా, ఒప్పుకోలేదు.

ఎడమవైపు కిటికీ అద్దాలు తెల్లగా ఉన్నాయి. వేలితో గీసి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు.

ఉండాల్సిందే. గాలి ఒడ్డున సముద్రం గోడ దాటి రోడ్డు మీదికి కొడుతుంది. టూరు కార్లన్నీ సముద్రాన్ని ఎడమవైపు పెట్టుకునే వెళ్తాయి. ఆ మలుపుల్లో రెండు కార్లు ఎదురుపడితే ఒకటి కొండను గుద్దుకోవాలి, ఒకటి నీళ్ళలోకి దూకాలి. అందుకే పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. ఒకే దిక్కు. తుంపర ఎడమవైపే పడుతుంది.

కారు చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చింది.

చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

కుడివైపు అద్దం కూడా తెల్లగా ఉంది. అంచు నుంచి అంచు దాకా, సున్నం కొట్టినట్టు.

మొదటి చినుకు కారు టాపు మీద పడింది. తర్వాత ఇంకొకటి.

వాన వస్తోంది. ఆవిడ ఏమీ చేయక్కర్లేదు. అబద్ధం చెప్పక్కర్లేదు. ఏదీ చెరపక్కర్లేదు. ఊరికే అలా నిలబడితే చాలు. పది నిమిషాల్లో ఆకాశమే కడిగేస్తుంది. రేపు పడవ వస్తుంది. గడియారాల మనిషి ఎక్కుతాడు. చిన్నోడు రాత్రికి ఇంటికొచ్చి అన్నం తింటాడు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అన్నారా?

చినుకులు జోరందుకున్నాయి. అద్దం పైఅంచున ఒక బొట్టు పడి, తెల్లటి పొర మీద గీత గీసుకుంటూ కిందికి జారింది.

టప్పున గొడుగు తెరుచుకుంది.

తల మీద కాదు. అద్దం మీద.

"హెడ్డూ!" ఆవిడ కేక విని హెడ్డు ఉలిక్కిపడి వరండాలోకి వచ్చాడు. "టార్పాలిన్! కారు మొత్తం కప్పాలి. ఇప్పుడే! కెమెరా కూడా పట్రా!"

హెడ్డు వెనకాలే చిన్నోడు వచ్చాడు. వానలో తడిసి ముద్దవుతున్న మేనత్తను చూశాడు. ఆవిడ చేతిలోని గొడుగు చూశాడు. దాన్ని దేని మీద పట్టిందో చూశాడు.



ఆరింటికి అందరినీ స్టేషన్ వరండాలో కూర్చోబెట్టింది. ఒకపక్క డాక్టరమ్మ, హోటలామె. లాకప్ తలుపు తీయించి గడియారాల మనిషిని కూడా రప్పించింది. చిన్నోడు బెంచీ మీద ఉన్నాడు. బయట వాన దంచుతోంది. టార్పాలిన్ కింద కారు పడుకున్న పశువులా ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఖాకీ చీర కొంగు పిండుకుని నిలబడింది.

"డ్రైవరు గారూ, ఇవాళ పొద్దున కారు కడిగారా?"

డ్రైవరు గారూ! పాతికేళ్ళలో ఆవిడ వాణ్ణి మీరు అనలేదు. చిన్నోడు బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు.

"కడిగాను."

"ఎక్కడ?"

"మనింటి ముందు."

"నీళ్ళు ఎవరు పోశారు?"

"నువ్వే అత్తా."

"రెండువైపులా శుభ్రంగా కడిగారా?"

"కడిగాను. కారు మెరిస్తేనే పార్టీకి నమ్మకమని నువ్వే కదా నేర్పావు."

హెడ్డు గొంతు తగ్గించాడు. "మేడం, ఇలాగైతే రేపు కోర్టులో మీరే సాక్షి అవుతారు."

"అవుతాను." ఆవిడ ఆగలేదు. "గాలి ఒడ్డు మీద ఒక్కసారి వెళ్ళారు. సముద్రం ఎడమవైపు. రౌండు పూర్తి చేసి ఇటు వచ్చేశారు. మీరు చెప్పింది అదేనా?"

"అదే."

"మరి కుడివైపు అద్దానికి ఉప్పు ఎలా పట్టింది?"

ఇన్‌స్పెక్టర్ టార్పాలిన్ వైపు చెయ్యి చూపించింది.

"గాలికి కాస్త పడుతుంది. ఇలా పూత పట్టదు. సముద్రం కుడివైపు రావాలంటే కారు వెనక్కి తిరగాలి. కట్టుబాటు తప్పి, వెళ్ళిన దారినే రావాలి. ఎందుకు తిరిగారు?"

చిన్నోడు బెంచీ అంచు పట్టుకున్నాడు.

"ఆవిడ చేతులు రాతికి చీరుకున్నాయి. తోట మెట్ల దగ్గర రాయి లేదు. పదునైన రాయి ఉన్నది మడుగుల దగ్గరే. పోటు వస్తే అక్కడ మనిషి నిలబడ్డ బండ ఆఖరున మునుగుతుంది. తిరిగొచ్చే దారి ముందు మునుగుతుంది. ఈయన దగ్గర కారు లేదు. అక్కడి నుంచి ఇక్కడికి ఆవిణ్ణి తెచ్చింది కారే. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు చిన్నోడా. చెప్పు."

పేరు పెట్టి పిలవగానే వాడి కట్ట తెగింది.

"ఎండబెట్టానత్తా." రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "అందరూ చేసేదే కదా. అరగంటలో వస్తానన్నా. సరేనని చెయ్యి ఊపింది. రేవులో ఒక కుటుంబం దిగింది. లైట్‌హౌస్‌కు తీసుకెళ్ళా. సగం మెట్లెక్కాక వాళ్ళ ముసలాయనకు కళ్ళు తిరిగాయి. వీపు మీద మోసుకుని దింపా. నీళ్ళు పట్టా. వదిలేసి ఎలా వస్తాను? నేను మడుగుల దగ్గరికి వెళ్ళేసరికి పోటు వచ్చేసింది."

"ఆవిడ?"

"రాళ్ళ మధ్య తేలుతోంది. లాగా. పిలిచా. పలకలేదు."

"తర్వాత?"

"భయమేసింది. నీ ఉద్యోగం, నీ పరువు... ఏవేవో కనబడ్డాయి. డిక్కీలో పెట్టి, వచ్చిన దారినే తెచ్చా. ఎండకు తోట దగ్గర పురుగు కూడా లేదు. నీళ్ళలో పడుకోబెట్టా."

"బోర్లానా?"

"మొహం చూడలేక..."

"ఊపిరి చూశావా?"

చిన్నోడు తలెత్తాడు.

"నాడి పట్టుకున్నావా? ముక్కు దగ్గర వేలు పెట్టావా?"

"చూడలేదు."

డాక్టరమ్మ చప్పున మొహం తిప్పుకుంది. ఆవిడకు అప్పుడు తెలిసింది. ఇన్‌స్పెక్టర్‌కు కారు దగ్గరే తెలిసిపోయింది. మడుగుల దగ్గర అంతా నల్లరాయి. చిటికెడు ఇసుక లేదు. ఇసుక ఉన్నది తోట మెట్ల కింద. ఇసుక ఉన్నది పోయినావిడ గొంతులో.

చిన్నోడు ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూశాడు. ఎవరూ తనకేసి చూడడం లేదు.

"ఏంటత్తా? అందరూ ఎందుకలా ఉన్నారు?" గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "నేను వెళ్ళేసరికే ఆవిడ పోయింది. అప్పటికే పోయింది కదత్తా?"

ఆరేళ్ళప్పుడు వాడు ఇలాగే అడిగాడు. చాప మీద తల్లి పడుకుని ఉంది. అమ్మ నిద్రపోతోంది కదత్తా? ఔను నాన్నా, నిద్రపోతోంది అంది ఆవిడ. ఔనంటే ఇవాళ కూడా వాడు నమ్ముతాడు. ఆవిడ ఏం చెప్పినా నమ్ముతాడు.

గడియారాల మనిషి గోడకు ఆనుకుని చూస్తున్నాడు. సన్నటి వేళ్ళు కదలడం మానేశాయి. ఆయన కూడా జవాబు కోసమే చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టర్ వచ్చి చిన్నోడి పక్కన బెంచీ మీద కూర్చుంది. వాడి తడి జుట్టు నుదుటి మీంచి వెనక్కి తోసింది. ఇంకో చేత్తో హెడ్డు దగ్గర్నుంచి బేడీలు అందుకుంది.

"లేదురా నాన్నా," అంది. "నువ్వు పడుకోబెట్టినప్పుడు బతికే ఉంది."