లిస్టులో లేని కాలేజీ పిల్ల

మా మనవడు శ్రీశైలం ప్రేమలో పడింది తువ్వాలతోనే. రెండువేల సంవత్సరం, ముసురు పట్టిన సాయంత్రం. నంద్యాల బస్టాండులోకి ఆళ్ళగడ్డ బస్సు రాంగానే వాడు కిటికీలోంచి సీటు మీద తువ్వాల ఏసినాడు. ఎక్కి చూస్తే, దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకొని ఒక పిల్ల కూచోనుంది.

"ఏందీ, తువ్వాల కనపడల్యా? సీటు నాది."

"తువ్వాల కూచుంటాదా, నువ్వు కూచుంటావా? ముందెక్కింది నేను."

ఆ పిల్ల ఉమాదేవి. ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే రాజరత్నం కూతురు. నంద్యాలలో కొత్తగా పెట్టిన కాలేజీలో ఇంజనీరింగు చదువుతాండాది. మావానిది హైదరాబాదులో అదే చదువు, గొప్పలకేం తక్కువ!

"పత్రికలో కాలేజీల లిస్టు చూడలేదా? మా కాలేజీ మూడో ర్యాంకు."

"మాది ఆ లిస్టులోనే ల్యా. మీ ర్యాంకూ ఈ తువ్వాల మాదిరే అప్పా. సీటు పట్టిపెడ్తాది, అంతే."

 వానజల్లు ఆ పిల్ల చెంప మీద పడతాంటే వాడు చూస్తా నిలబడినాడంట. మేనత్త ఊరు శిరివెళ్ళలో దిగాల్సినోడు ఆళ్ళగడ్డదాకా పోయినాడు!

అట్లా మొదలయింది. సెలవులకు వచ్చినప్పుడల్లా వాని కాళ్ళు ఆళ్ళగడ్డ బస్సే ఎక్కేవి.

మరుసటేడు కంపెనీవాళ్ళే వాని కాలేజీకి వచ్చి ఉద్యోగమిచ్చి పోయినారు. ఉమ కాలేజీ గేటు తొక్కినోళ్ళు లేరు. ర్యాంకు పనికిరాదని నేననను. ముందు తలుపు తీసేది దానికే.

"పెండ్లి చేసుకుందాం ఉమా."

"నాకు ఉద్యోగం వచ్చినాకనే. లేకుంటే మీ చుట్టాలు జన్మంతా నన్ను ఆ లిస్టుతోనే తూస్తారు."

"మా కంపెనీలో ఒక మాట చెప్తాలే."

"నా చదువుకు నీ సిఫార్సా? పో!"

అంతటితో ఇద్దరికీ మాటలు తెగినాయి. అంతలో కంపెనీలకే గడ్డుకాలం వచ్చింది. ఇప్పుడే చేరొద్దని వీనికి కబురు పెట్టినారు. మూడో ర్యాంకు మొగమేసుకొని ఇంట్లో కూచున్నాడు నా బంగారుకొండ.

ఆ పొద్దుల్లోనే కర్నూల్లో అన్ని కాలేజీలోళ్ళకూ ఉద్యోగాల ఇంటర్వ్యూలన్నారు. పోయి చూస్తే లైనులో వీని ముందర ఉమ!

"మూడో ర్యాంకాయనకు ఈడేం పని?"

"రావద్దన్నారు. నీకు చెప్పేదానికి మొగం చెల్లలే."

 చినుకులు మొదలైతే ఆ పిల్ల గొడుగు సగం వాని మీదికి జరిపింది. ఇద్దరికీ చెరొక భుజం తడిసింది. ఆ తడి గురించి వాడు నాకు కలగన్నట్టు చెప్పినాడు.

ఉమకు ఉద్యోగమొచ్చింది. వీనికి రాలేదు.

ఇంక ఆళ్ళగడ్డ పేరెత్తలేదు వాడు. ఆ పిల్లే మా ఇంటికొచ్చింది.

"అవ్వా, ఆదివారం నీ మనవన్ని పిల్చుకొని మా ఇంటికి రాండి."

పోయినాం. వాళ్ళింటి ముందర సన్నవానలో సగం చెక్కిన దేవతలు, కండ్లింకా తెరవనోళ్ళు, నిగనిగలాడతా నిలబడినారు.

"ఏం పని చేస్తాండావప్పా?" అన్నాడు రాజరత్నం, పందిట్లో రాయి చెక్కతానే.

"ఎతుకుతాండా మామా."

"అప్పుడే మామనా! ఏ ధైర్యంతో పిల్లనడిగేకొచ్చినావ్?"

కాఫీ గ్లాసులు పట్టుకొని వాకిట్లోనే నిలబడింది ఉమ. "ఆయప్ప అడగలే నాయనా. అడిగేది నేను. ఉద్యోగం రావాలని షరతు నాకు నేను పెట్టుకున్నా గానీ, ఆయప్పకు పెట్టలే."

రాజరత్నం కూతుర్ని చూసినాడు, వీన్ని చూసినాడు. ఉలి పక్కన పెట్టి, రాతిదుమ్ము చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"ఎట్లాగూ ఎతుకుతాండావు కదా అల్లుడా, ముహూర్తం గూడా ఎతుకు."