పదమూడో ప్రయాణికుడు

ఐస్‌క్రీం ఇంకా కరగనేలేదు, మనిషి మాత్రం పోయాడు.

బీచ్ ఫొటోగ్రాఫర్ రెండో స్కూప్ నాలికకు తగిలించి, కళ్లు పెద్దవి చేసి, కెమెరాతో సహా బండి పక్కన కూలబడ్డాడు. రంగు గొడుగుల కింద పడుకున్న జనం తలలెత్తి చూశారు.

"వడదెబ్బ," అన్నారెవరో.

"ఇంత ఎండలో టోపీ పెట్టుకోవద్దూ?" అని ఇంకెవరో చచ్చినవాణ్నే మందలించారు.

రెండు నిమిషాల్లో రిసార్ట్ మేనేజర్ స్ట్రెచర్‌తో వచ్చేశాడు. అతన్ని ఎవరూ పిలవలేదు.

బండికి అటువైపు నిలబడ్డ తాబేలుకు ఆ సంగతే నచ్చలేదు.

తాబేలు అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. తొందరపడడు, పట్టింది వదలడు. రిసార్ట్ రిజిస్టర్‌లో మాత్రం అతను సెలవు గడపడానికి వచ్చిన టోపీల వ్యాపారి. పైపెదవి మీద అంటించిన మీసం ఎండకు జారకుండా పొద్దుటి నుంచీ మూతి బిగించుకునే తిరుగుతున్నాడు.

అర నిమిషం ముందే ఫొటోగ్రాఫర్ అతన్ని పలకరించాడు.

"ఈ ఎండకి ఏ ఫ్లేవర్ మంచిది సార్?"

"కరిగేలోపు తినగలిగింది ఏదైనా."

కోడ్ సరిపోయింది. "మీ ఫొటో బాగా వచ్చింది సార్," అంటూ ఒక కవరు చేతిలో పెట్టి, బండివాడు అందించిన కోన్ అందుకున్నాడు. అంతే.

తాబేలు గొడుగుల వరస దాటి కవరు విప్పాడు. యాభై ఏళ్ల ఆవిడ, పసుపు రంగు టోపీ, మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి పకపకా నవ్వుతోంది. వెనక పెన్సిల్‌తో రెండు ముక్కలు: గాజు పడవ, పన్నెండు గంటలు.

ఆవిణ్ని వెతకడానికే తాబేలు వచ్చాడు. నిన్న డిపార్ట్‌మెంట్ చీఫ్, అందరూ పెద్దాయన అని పిలిచేవాడు, బల్ల మీద ఫైలు తోస్తూ చెప్పాడు.

"నేవీ రేడియో సందేశాలకి తాళం వేసే మెషీన్ ఉంది కదా, దాన్ని డిజైన్ చేసిన ఇంజనీరు ఈవిడ. డిజైన్ కాగితం మీద లేదు, ఈవిడ బుర్రలో ఉంది. లక్కీ డ్రాలో సముద్రపు ఒడ్డున వారం రోజుల సెలవు గెలిచిందట. మొగుణ్ని తీసుకుని వెళ్లిపోయింది."

"డ్రా ఎవరు తీశారు సార్?"

"పొరుగు దేశం గూఢచారి రింగ్. ఎప్పుడు ఎత్తుకుపోతారో తెలీదు. సముద్రం దాటిందంటే మన నౌకల మాటలన్నీ వాళ్ల చెవిలోనే. అక్కడ మనవాళ్లు ఇద్దరున్నారు. ఒకడు ఫొటోగ్రాఫర్. రెండోది పగడం."

ఫొటోగ్రాఫర్ ఇప్పుడు స్ట్రెచర్ మీద ఉన్నాడు. టైము పదకొండూ ఇరవై. తాబేలు జేబులోంచి సన్‌స్క్రీన్ ట్యూబ్ తీసి మూత మూడుసార్లు తిప్పాడు. లోపల ట్రాన్స్‌మిటర్ ఒకసారి వణికింది. గస్తీ నౌకకు సిగ్నల్ వెళ్లింది. అది రావడానికి గంట పడుతుంది. పడవ కదలడానికి నలభై నిమిషాలే ఉంది.

ఫోన్ లేదు. 'సెలవులో ఫోన్ ఎందుకు?' అని రిసెప్షన్‌లో నవ్వుతూనే లాక్కుని లాకర్‌లో పెట్టారు. దానికి బదులు మణికట్టుకు నీలం బ్యాండ్ బిగించారు. గది తెరవాలన్నా, గేటు దాటాలన్నా, కూల్ డ్రింక్ తాగాలన్నా ఆ బ్యాండే. కత్తెర పెడితే తప్ప ఊడదు.

పడవలెక్కే జెట్టీకి దారి షాపింగ్ ఆర్కేడ్‌లోంచి. గాజు కప్పు, గాజు గోడలు, ఏసీ చల్లదనం. రెండు వైపులా కళ్లద్దాలు, చెప్పులు, స్విమ్ సూట్లు, చాక్లెట్లు. బ్యాండ్ చూపిస్తే మొదటి గేటు పచ్చ లైటుతో తెరుచుకుంది. తాబేలు ఆర్కేడ్ అంతా దాటి రెండో గేటుకు చూపించాడు.

ఎర్ర లైటు.

మళ్లీ చూపించాడు. ఎర్ర లైటే. వెనక్కి వచ్చి మొదటి గేటు ప్రయత్నించాడు. ఇప్పుడదీ ఎర్రబడింది.

గాజులోంచి జెట్టీ అరచేతిలో ఉన్నట్టే కనిపిస్తోంది. తెల్లటి పడవ, పక్కన పసుపు టోపీ. అరుద్దామా అంటే గాజు మందం. చుట్టూ చల్లగా, ఘుమఘుమలాడుతూ, సన్నటి సంగీతంతో ఒక సీసా. అందులో తను.

"కూర్చో తాబేలూ. నిలబడితే జనం చూస్తారు."

పగడం! కాఫీ టేబుల్ దగ్గర కాలు మీద కాలేసుకుని కూర్చుంది. పగడం రంగు స్కార్ఫు, నుదుటి మీదికి నెట్టిన నల్ల కళ్లద్దాలు. పక్క టేబుళ్ల మగవాళ్లు కాఫీ వైపు చూడటం ఎప్పుడో మానేశారు.

"గేటు పాడైంది," అన్నాడు తాబేలు.

"గేటుకేం, నిక్షేపంలా ఉంది. నీ బ్యాండే చచ్చిపోయింది. నువ్వు మొదటి గేటు దాటగానే." స్ట్రాతో ఐసు ముక్కలు కలిపింది. "మొహం అలా పెట్టకు. మీసం జారుతోంది."

తాబేలు కూర్చున్నాడు. "ఎన్నాళ్ల నుంచి అటువైపు?"

"రెండేళ్లు. మీవాళ్లు నన్నొక మంచి హోటల్లో కూడా పెట్టలేదు, తెలుసా?"

"ఫొటోగ్రాఫర్‌కి చెల్లెలి పెళ్లి ఉంది వచ్చే నెల."

స్ట్రా ఒక్క క్షణం ఆగింది. "అది నా పని కాదు. మేనేజర్ పని."

"మరి నన్నెందుకు వదిలారు?"

"ఒకే పూట ఇద్దరికి వడదెబ్బ తగిలితే పోలీసులొస్తారు. పోలీసులొస్తే జెట్టీ మూసేస్తారు. అందుకని నువ్వు పన్నెండున్నర దాకా నా ఎదురుగా హాయిగా కూర్చుంటావు. అరిచావనుకో, నా గొలుసు కొట్టేశావని నేనూ అరుస్తా. మేనేజర్ గదిలో తేలతావు." నవ్వింది. "సెలవు కదా! తిను, తాగు, ఏదైనా కొనుక్కో. నా కళ్ల ముందు."

పదకొండూ ముప్ఫై రెండు.

తాబేలు నాలుగు నిమిషాలు ఏమీ చెయ్యలేదు. ఆర్కేడ్‌ను చూశాడంతే. కొన్నవాళ్లెవరూ సంచులు మోసుకుని గేటు దాటడం లేదు. వేలితో చూపిస్తున్నారు, ఉత్త చేతులతో వెళ్లిపోతున్నారు. సరుకు ఎటు పోతోంది? ఎదురుగా బీచ్ సరుకుల షాపు. దాని వెనక తలుపులోంచి ఒక నడివయసు ట్రాలీ మనిషి బయటికి వెళ్లాడు. బ్యాండ్ చూపించలేదు. ఆ తలుపుకు లైటే లేదు.

"సరే," అని లేచాడు. "బట్టలు కొనుక్కుంటా. ఆఖరిసారి సెలవు పెట్టి ఆరేళ్లైంది."

"పద. నీకేం నప్పుతాయో నేను చెప్తాగా."

షాపావిడ ఎదురొచ్చింది. మెళ్లో టేపు, చెవి వెనక పెన్సిలు. తాబేలు చేతికి అందిన షర్టులూ, నిక్కర్లూ ఎత్తుకుని ట్రయల్ రూమ్‌లో దూరాడు. పగడం సరిగ్గా తలుపు ముందే స్టూలు లాక్కుని కూర్చుంది. తలుపు కింద జానెడు ఖాళీ. అందులోంచి అతని బూట్లు కనిపిస్తున్నాయి.

ట్రయల్ రూమ్ వెనక గోడకు చిన్న కర్టెన్ ఉంది. సైజు సరిపోకపోతే స్టోర్ రూమ్‌లోంచి వేరే సైజు అందించడానికి. ఆ కర్టెన్ పక్కకు జరిగి షాపావిడ మొహం కనిపించింది.

"సైజు చూడమంటారా?"

తాబేలు వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. గుసగుసగా, "అమ్మా, ఒక సాయం చెయ్యాలి. గాజు పడవలో మా పిన్ని వెళ్తోంది. పదేళ్లైంది నన్ను చూసి. నేనొచ్చినట్టు తెలీదు. ఆ పెద్ద బీచ్ పెట్టెలో పెట్టి నన్ను పంపించేస్తే..."

"అయ్యో, ఎంత ముచ్చట!" ఆవిడ కళ్లు మెరిశాయి. వెంటనే బయటికి తొంగి చూసి, "మరి ఆ సుందరాంగి?"

"మా పిన్నికి ఆవిడంటే పడదు."

"నాకూ పడలేదులెండి. వస్తూనే నా స్టూలు లాగేసింది."

తాబేలు తన ప్యాంటు కొక్కేనికి తగిలించి, అంచులు సరిగ్గా బూట్ల మీద పడేలా సర్దాడు. చిలకల బొమ్మల నిక్కరు వేసుకుని కర్టెన్ సందులోంచి స్టోర్ రూమ్‌లోకి జారాడు. కుటుంబమంతటికీ సరిపడే గొడుగు, కుర్చీలు, చాపలు పట్టే వెదురు పెట్టె అది. అన్నీ తీసేసి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. మూత పడింది.

"ఇంకెంతసేపు?" బయట పగడం గొంతు.

"గుండీలు పెడుతున్నారండీ," అంది షాపావిడ.

ట్రాలీ కదిలింది. "ఏం బరువమ్మా! రాళ్లేమైనా కొన్నారా?" అని ట్రాలీ మనిషి గొణిగాడు. వెదురు సందుల్లోంచి దారాల్లా వెలుతురు. చెమటకు మీసం ఒక పక్క ఊడింది. ఎండ, గాలి, చెక్కల చప్పుడు. పెట్టె దబ్బుమని పడవ వెనక భాగంలో దిగింది.

పదకొండూ యాభై నాలుగు.

సందుకు కన్ను ఆనించాడు. పడవ అడుగున పెద్ద గాజు పలక. కింద పచ్చటి నీళ్లు, రాళ్లు, వాటి మధ్య చేపలు. చుట్టూ బెంచీల మీద పన్నెండు మంది. పసుపు టోపీ ఆవిడ బోర్లా పడేంత వంగి చూస్తోంది.

"అబ్బ! చూడండి చూడండి, ఆ చారల చేప! పిల్లలతో వచ్చింది!"

తాబేలు ఒక్కొక్కరినే చూశాడు. పూల షర్టులు, కొత్త టోపీలు, నల్ల కళ్లద్దాలు. పదకొండు మంది చూపులూ ఆవిడ మీదే. గాజు పడవ ఎక్కినవాళ్లలో కిందికి చూస్తున్నది ఆవిడొక్కతే.

మనిషిని కనిపెట్టి ఉండటం నేర్పినవాళ్లు, చేపల్ని చూడటం నేర్పలేదు!

జెట్టీ మీద టికెట్ల ఆవిడ చేతిలో చిన్న కౌంటర్ మెషీన్ నొక్కుతూ తలలు లెక్కపెడుతోంది. టిక్, టిక్, టిక్. ఆవిడ వెనక బోర్డు: 'పన్నెండు మందికి మాత్రమే'. పడవకు ముందు, సముద్రంలోకి దారికి అడ్డంగా ఇనుప గొలుసు, జెట్టీ మీద దాన్ని పైకి లేపే చక్రం. తాళంచెవి ఆవిడ నడుముకే వేలాడుతోంది.

"పన్నెండు," అని పుస్తకంలో రాసుకుంది.

తాబేలు మూత ఎత్తి నిలబడ్డాడు.

సగం మీసం, చిలకల నిక్కరు, నడుము దగ్గర వేలాడుతున్న ట్యాగు. పదకొండు చేతులు పదకొండు జేబుల్లోకి వెళ్లాయి. ఒడ్డున మూడు వందల మంది చూస్తున్నారని గుర్తొచ్చి అక్కడే ఆగాయి.

టిక్. "పదమూడు," అంది టికెట్ల ఆవిడ. "ఎవరయ్యా నువ్వు?"

"దొంగ వెధవ," అన్నాడు ఆ పదకొండు మందిలో ఒకడు, తెల్ల టోపీ పెట్టుకున్న పడవ నడిపేవాడు. "మేం చూసుకుంటాం, మీరు గొలుసు తియ్యండి."

"దొంగైతే నాకేంటి, దొరైతే నాకేంటి? పన్నెండంటే పన్నెండే. ఒకరు దిగితేనే గొలుసు."

"నేను దిగను," అని తాబేలు బెంచీ మీద కూర్చున్నాడు.

వాదన ఎనిమిది నిమిషాలు సాగింది. పై అధికారి పేరు చెప్పి చూశారు, మేనేజర్ పేరు చెప్పి చూశారు. ఆవిడ గోళ్లు చూసుకుంది. చివరికి తెల్ల టోపీ కనుసైగ చేశాడు. పూల షర్టువాడొకడు విసురుగా జెట్టీ మీదికి దూకాడు.

"ఆఁ, ఇప్పుడు సరిపోయింది," అంది టికెట్ల ఆవిడ. తాళం తిప్పింది. గొలుసు నీళ్లలోకి జారింది. ఇంజన్ గర్జించింది. తాడు విప్పేశారు.

తాబేలుకు అటొకడు, ఇటొకడు ఆనుకుని కూర్చున్నారు. పక్కటెముకలకు ఏదో గట్టిగా తగిలింది. తుపాకీ అని వేరే చెప్పక్కర్లేదు. గస్తీ నౌక జాడ లేదు. ఇప్పుడు లోపల ఇద్దరూ చిక్కారు.

"అమ్మా," అన్నాడు నెమ్మదిగా, "ఇందాక ఆ చేప ఏ రంగో వీళ్లలో ఒక్కరిని అడగండి."

"అదేం ప్రశ్న బాబూ?"

"ఒక్కసారి అడగండి."

ఆవిడ పక్కాయన వైపు తిరిగింది. "ఏ రంగండీ?"

ఆయన టోపీ సర్దుకున్నాడు. "నీలం."

"మీరో?"

"ఎరుపు... కాదు, నీలమే."

ఆవిడ నవ్వు మెల్లగా ఆరిపోయింది. ముప్ఫై ఏళ్లు మెషీన్లలో తప్పు ఎక్కడుందో వెతికిన కళ్లు అవి. పది నల్ల కళ్లద్దాల్ని వరసగా చూశాయి. పదింటిలోనూ తనే కనిపించింది.

"పసుపు," అంది. "నల్ల చారలు." అంటూనే లేచింది.

"కూర్చోండి మేడమ్!" తెల్ల టోపీ ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

తాబేలు గాజు మీద ఉత్త కాళ్లతో ఒక్క ఉదుటున లేచి తలతో వాడి పొట్టలో కుమ్మాడు. పట్టు వదిలింది. పడవకీ జెట్టీకీ మధ్య మూరెడు నీళ్లు. ఆవిడ దూకింది. టికెట్ల ఆవిడ రెక్క పట్టి లాగింది. తాబేలూ దూకాడు, జెట్టీ అందక నడుము లోతు నీళ్లలో పడ్డాడు. మిగిలిన సగం మీసం తేలుతూ వెళ్లిపోయింది.

"పోనీ! పోనీ!" అని అరిచాడు తెల్ల టోపీ.

టిక్, టిక్. "పదే ఉన్నారు!" టికెట్ల ఆవిడ అంతకన్నా గట్టిగా అరిచింది. "పన్నెండని రాశాను. పుస్తకంలో కొట్టివేతలుంటే రేపు నా ఉద్యోగం పోతుంది!" గొలుసు చక్రాన్ని గిర్రున తిప్పింది. నీళ్లలోంచి లేచిన ఇనుప గొలుసును పడవ ముక్కు ఢంగుమని గుద్దుకుంది. పదిమందీ ఒకరి మీద ఒకరు పడ్డారు.

"ఈ లెక్క తేలేదాకా ఎవరూ కదలకండి," అని ఆవిడ తాళంచెవి మళ్లీ నడుముకు కట్టేసుకుంది.

లెక్క తేల్చడానికి గస్తీ నౌక పన్నెండూ ఇరవైకి వచ్చింది. పూల షర్టువాణ్ని గాజు గేటు దగ్గర, మేనేజర్‌ను లాకర్ల గదిలో పట్టుకున్నారు. నేవీవాళ్లు షాపులోకి వెళ్లేసరికి పగడం స్టూలు మీద కూర్చుని రెండు బూట్లతో విసుగ్గా మాట్లాడుతోందిట.

సాయంత్రం పెద్దాయన ఫోన్ చేశాడు.

"శభాష్. ఆవిణ్ని తీసుకుని బయల్దేరు."

"రానంటున్నారు సార్. ముప్ఫై ఏళ్లలో ఇదే మొదటి సెలవట. ఇంకా ఐదు రోజులు ఉందట."

"సరే, ఐదు రోజులూ పక్కనే ఉండు. కనురెప్ప కూడా వెయ్యకు."

"సార్, వేరే ఎవరినైనా..."

ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ఇంజనీరు ఇసుకలో పడక కుర్చీ మీద వాలి ఉంది. "మా ఆయనకి నీళ్లంటే భయం, గదిలోంచి రారు. నువ్వు కూర్చో బాబూ."

తాబేలు నిలబడే గొడుగుల వెనక ఎవరున్నారో, చాక్లెట్ డబ్బాలో ఏముందో, మెట్ల మీద ఎవరు దిగుతున్నారో చూస్తున్నాడు.

"ఎవరూ లేరు. కూర్చో. వీపు ఆనించు. ఆఁ, ఇప్పుడు కళ్లు మూసుకో."

"ఎంతసేపమ్మా?"

"ఊరికే అలా ఉండు. ఏమీ చెయ్యకుండా."

తాబేలు కళ్లు మూసుకున్నాడు. పదకొండేళ్ల సర్వీసులో ఇంత ప్రాణం మీదికొచ్చిన ఆర్డరు అతనికి ఎవరూ ఇవ్వలేదు.