కొండెక్కినాకే లాగు

"మధ్యాన్నం మూడింటికి లిస్టు దేశం దాటుతాది," అంది హంపమ్మ, చీర మడత పెడుతూనే. "మన ఏజెంట్లవి పదకొండు పేర్లుండాయి. ఒకటి రామాంజిది."

గోపీ చటుక్కున తలెత్తాడు. రామాంజి అతని చెల్లెలి మొగుడు. బేతంచెర్ల బండల వ్యాపారి వేషంలో సరిహద్దు అవతల తిరుగుతున్న మన ఏజెంటు. పేరు బయటపడితే సాయంత్రానికి మనిషి ఉండడు.

హంపమ్మ నేతగాళ్ళ ఇంట పుట్టింది. కర్నూలులో ఆమెది చేనేత చీరల కొట్టని లోకానికి తెలుసు. రాయలసీమ నిఘా అంతా ఆ కొట్టు వెనక గదిలోంచే నడుస్తుందని కొద్దిమందికే తెలుసు.

"దొంగిలించినోళ్ళు దాన్ని ఓర్వకల్లు కాడ ఒక డేటా సెంటర్లో, సర్వర్ నాలుగో స్లాట్ డ్రైవ్‌లో దాచినారు. టైమైతే అదే పంపిస్తాది."

"సర్వర్ ఆపేస్తే పోదా అక్కా?"

"దాని మీద మూడు ఆస్పత్రులు నడుస్తాండాయి. సర్వర్‌కు కమాండ్‌తో చెప్పకుండా డ్రైవ్ లాగినా కుప్పకూలుతాది. నడుస్తాండంగనే, చెప్పి తీయాల."

వినికిడి మిషన్‌లా కనిపించే రిసీవర్, ఒక చీటీ చేతిలో పెట్టింది. చీటీలో మూడే ముక్కలు: వదలమని చెప్పు. పచ్చ లైటు మినుకుమంటే కాసుకో. కొండెక్కినాకే లాగు.

"ఆడ సెక్యూరిటీ ఆఫీసర్ మధులత. మన మనిషే. కోయిలకుంట్ల పిల్ల." హంపమ్మ చీర మడతను అరచేత్తో నొక్కింది. "అని చెప్పుకుంటాంది."

రెండింటికల్లా గోపీ ఏసీ మెకానిక్‌గా గేటు దాటాడు. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, ఖరీదైన సెంటు వాసనతో మధులత ఎదురొచ్చింది.

"ఏమప్పా, శానా లేటయిందప్పా. యాడ పోయినావప్పా?"

గోపీకి తేడా కొట్టింది. అన్నీ సీమ మాటలే, కానీ పరీక్షకు బట్టీ పట్టినట్టున్నాయి. ఆమె చీటీ చూపించమంది. దాస్తే తనను అనుమానిస్తుంది. ఇచ్చాడు. ఆమె రెండుసార్లు చదివి, కిటికీలోంచి దూరంగా రాతి కొండల కేసి చూసి, ఫోన్ తీసుకుని బయటికి నడిచింది.

కాసేపటికి గేటు దగ్గరి గార్డులు నలుగురూ జీపెక్కి వెళ్ళిపోయారు. ఎందుకో గోపీకి అంతుపట్టలేదు. అంతుపట్టని దేన్నీ అతను నమ్మడు.

రెండూ యాభై ఏడు. సర్వర్ గదిలో గోపీ కమాండ్ కొట్టాడు. నాలుగో స్లాట్‌లోకి డేటా వెళ్ళడం ఆగింది. పచ్చ లైటు మినుకుమనడం మొదలైంది. డ్రైవ్ పిడి మీద చెయ్యి వేశాడు.

"కదలకు." వెనక మధులత, చేతిలో పిస్తోలు. గొంతులో సీమ లేదు. "నీ సిగ్నల్ రాదు. కొండెక్కే మీ మనిషి కోసం మావాళ్ళు అక్కడే కాపు కాస్తున్నారు."

గోపీకి అప్పుడు విషయం బోధపడింది. నవ్వు బిగబట్టుకున్నాడు.

"మూడింటి దాకా చూద్దాం మేడమ్. సిగ్నల్ రాకపోతే లొంగిపోతా."

"చూద్దాం," అందామె ధీమాగా, కొండల వైపు ఒక కన్ను వేసి.

గోపీ చెవిలో హంపమ్మ గొంతు గుసగుసలాడింది: "గేటు కాడ ఎవురూ లేరు. వస్తాండాం."

రెండూ యాభై తొమ్మిది. లైటు ఇంకా మినుకుమంటూనే ఉంది. ఇప్పుడే లాగెయ్యాలని గోపీ వేళ్ళు తొందరపడ్డాయి. చెల్లెలి మొహం కళ్ళముందు మెదిలింది. మూడింటికి పది సెకన్లుందనగా లైటు కొండెక్కింది.

లాగేశాడు. సర్వర్ హోరు అలాగే ఉంది. మధులత పిస్తోలు ఎత్తేలోగా వెనకనుంచి వచ్చిన హంపమ్మ మనుషులు దాన్ని లాక్కున్నారు.

"ఏ కొండ?" అంది మధులత బేడీలు పడుతుంటే, ఇంకా అర్థం కాక.

"దీపం ఆరిపాయనని మా ఇండ్లల్లో అనము తల్లీ," అంది హంపమ్మ. "కొండెక్కె అంటాం. కోయిలకుంట్ల పిల్లవైతే నీకు ఒకరు చెప్పే పని లేదు."

గోపీ డ్రైవ్‌ను జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. "ఆ నలుగురూ ఇంకా కొండమీదనే ఉండారక్కా."

"నీళ్ళు పంపించు. ఈ ఎండకు వాళ్ళూ దీపం మాదిరి కొండెక్కేటట్టుండారు."